పందెం ఒప్పుకున్నదెవరు?



1966 నాటి ‘పల్నాటి యుద్ధం’ టీవీలో వస్తే పనులు పక్కన పెట్టి చూసేవాళ్లు మా పల్నాడులో ఇప్పటికీ ఉన్నారు. నేనూ ఆ బాపతే. అయితే ‘పాత సినిమా కదా, తప్పులెందుకు వెతకడం’ అనేవాళ్లతోనే నాకు పేచీ. ఇష్టపడ్డ సినిమానే గట్టిగా నిలదీయాలి.

నిజానికి పల్నాటి యుద్ధం ఇంటి తగువు. అనుగురాజుకు వేర్వేరు భార్యల వల్ల పుట్టిన నలగాముడు, మలిదేవుడు రాజ్యం పంచుకుని ఒకరు గురజాలలో, ఒకరు మాచర్లలో ఏలారు. వాటాల పేచీ ముదిరి 12వ శతాబ్దంలో కారంపూడి రణరంగం దాకా పోయింది. సినిమా మాత్రం అన్నదమ్ముల ఆశను పలచన చేసి, నెపమంతా నలగాముడి మంత్రి నాయకురాలు నాగమ్మ నెత్తిన రుద్దింది. 1947 నాటి చిత్రంలో కన్నాంబ వేసిన నాగమ్మకూ దాదాపు ఇదే గతి.

కోడిపందెం సంగతే చూడండి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలి. నాగమ్మ మోసం చేసిందనే అందరం తిట్టుకుంటాం. పుంజుల మీద రాజ్యాన్ని ఒడ్డడానికి ఒప్పుకున్న మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుణ్ణి ఎవరూ అడగరేం? జూదమాడినందుకు ధర్మరాజునే వదలని తెలుగువాళ్లం, ‘పల్నాటి భారతం’ అని చెప్పుకునే ఈ కథలో నాయుడికి మినహాయింపు ఇచ్చేశాం. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే బంతిన కూర్చోబెట్టాడన్న, దళితుడైన కన్నమదాసును సేనాపతిని చేశాడన్న కీర్తి ఆయనకు ఉండనే ఉంది. ఈ ఒక్క తప్పు ఒప్పుకుంటే ఆ కీర్తి తరిగిపోదు.

ఇన్ని లోపాలున్నా ఈ సినిమా ఇంకా నిలబడిందంటే సగం పుణ్యం నాగమ్మగా వేసిన భానుమతిది. రాసినవాళ్లు దుష్టపాత్ర రాసిస్తే ఆవిడ మంత్రిణిని నటించింది. నిండు సభలో మగవాళ్ల మధ్య ఆ తలెత్తిన తీరు, మాట విరుపు చూస్తుంటే తిట్టాలని కూర్చున్నవాడికీ నోరు పెగలదు. బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్ ఎదుట ఉన్నా చూపు ఆవిడ మీద నుంచి కదలదు.

కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవంలో రాయబారం, మందపోరు, కోడిపోరు అంటూ ఒక్కో ఘట్టానికి ఒక్కో రోజు. ఆ ఓపిక మన సినిమావాళ్లకూ ఉండాలి. ఈ కథను మళ్లీ తలపెట్టేవాళ్లకు నా మనవి ఒక్కటే: అనుగురాజు ఇంట్లోంచి మొదలుపెట్టండి. పుంజులు బరిలోకి దిగే ముందు కెమెరాను కాసేపు నాయుడి ముఖం మీద నిలపండి. పందేనికి సరేనన్న ఆ క్షణాన్ని జనం తీరిగ్గా చూడాలి.

– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా