అమరావతి శిలలు, లండను మ్యూజియము

నానాదేశముల వస్తువుల నొక్కచోట జేర్చి, జాతులకు పరస్పరజ్ఞానము కలిగించుచున్నామని లండనులోని బ్రిటిష్ మ్యూజియమువారు చెప్పుచుందురు. అది పూర్తిగా కల్ల యని మేమనము. గ్రీకు, ఈజిప్టు శిల్పములతోపాటు మన అమరావతి ఫలకములను జూచిన పరదేశీయుడు ఆంధ్రుల కౌశలమును మెచ్చకపోడు. ప్రవేశమునకు రుసుమును లేదు. కాని కృష్ణాతీరపు రైతుబిడ్డ లండను పోవుటెట్లు?

1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకు జేర్చిన ఫలకములలో పెక్కు 1859లో ఓడ నెక్కినవి. అంతకుముందు మనవారే కొన్నిటిని సున్నమునకై కాల్చిరి. ఆ సిగ్గు మనది. నేడొక్క స్తూపపు శిలలే ముఖ్యముగా అమరావతిలో, చెన్నపట్టణమున, లండనులో చెదరియున్నవి. జాతులను గలుపుదుమనువారు స్తూపమును విడదీసి యుంచుట వింతయే!

వారి 1963 నాటి చట్టము శాశ్వతముగా నిచ్చివేయుటకు అడ్డుపడుచున్నది గాని, యెరువుగా నిచ్చుటకు గాదు. 2017లో ముంబయి ప్రదర్శనమునకు వారే యనేక వస్తువులను బంపిరి. ఆ దారి అమరావతి కేల సాగరాదు? ఆ ఫలకములతోడనే గ్రీకు, చైనా శిల్పములును గొన్ని రావలెను. మన పల్లెవాడును లోకమును జూడవలెను గదా. ఆఱు మాసములకైనను వానిని బంపుడని మన ప్రభుత్వము లండనుకు వెంటనే వ్రాయవలెను.