ఉబ్బసం రక్తంలో ఉందా, గాలిలో ఉందా?

చీమకుర్తి అనగానే చుక్కల్లా మెరిసే నల్ల గ్రానైటు గుర్తుకొస్తుంది కదూ! ఆ రాయి దేశదేశాలకు వెళుతుంది; దాన్ని కోసిన దుమ్ము మాత్రం ఊళ్ళోనే ఉండిపోతుంది. అక్కడ ఒక పిల్లవాడికి ఆయాసం వస్తే పెద్దవాళ్ళేమంటారు? "వాళ్ళ తాతకూ ఉండేది. రక్తంలోనే ఉంది. మనమేం చేస్తాం?"

ఈ మాటలో సగం నిజం. ముందు ఆ సగం చూద్దాం.

మన 17వ క్రోమోజోము మీది ఓ.ఆర్.ఎం.డి.ఎల్.3 అనే జన్యువుకూ, చిన్నతనంలో వచ్చే ఉబ్బసానికీ సంబంధం ఉందని 2007లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాని పని వింటే ఆశ్చర్యపోతారు. కణాలలో స్ఫింగోలిపిడ్లు అనే ఒక రకం కొవ్వుల తయారీకి అది కళ్ళెం వేస్తుంది. కొవ్వంటే ఒంట్లో పేరుకునేదే అనుకోకండి; ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొరలో ఉన్నది ముఖ్యంగా కొవ్వే. మరి కళ్ళెం మరీ బిగిస్తే? 2013లో ఎలుకలలో ఈ కొవ్వుల తయారీ తగ్గించి చూశారు. వాటి శ్వాసనాళాలు తేలికగా బిగుసుకుపోయాయి.

కణపొరలోని మరో కొవ్వు కథ ఇంకా పాతది. సరిపడని పుప్పొడినో, ఇంటి దుమ్ములోని కంటికానని పురుగుల మలాన్నో పీల్చినప్పుడు, శ్వాసనాళాల గోడల్లోని కొన్ని కణాలు తమ పొరలోని అరాకిడోనిక్ ఆమ్లాన్ని ల్యూకోట్రయీన్లుగా మారుస్తాయి. ఇవి నాళాలను బిగిస్తాయి, వాపు తెస్తాయి, జిగురు ఊరిస్తాయి. పిల్లికూతలు అలా పుడతాయి. వీటిని గుర్తించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్సన్ 1982లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకడు. వీటిని అడ్డుకునే మాత్రలు ఇప్పుడున్నాయి.

ఇక రెండో సగం. అంతా జన్యువులదే అయితే, ఒకే పోలికతో పుట్టిన కవలలిద్దరికీ ఉబ్బసం రావాలి. ఒకరికి వచ్చి మరొకరికి రాని జంటలు ఎన్నో ఉన్నాయి. జన్యువు ఎండుగడ్డి లాంటిది. నిప్పురవ్వ బయటినుంచి రావాలి. రాతిపొడి, మిరప ఘాటు, పొయ్యిపొగ ఎవరికైనా దగ్గు తెప్పిస్తాయి. అవి ఎలర్జీ కాకపోయినా, సున్నితమైన నాళాలను ఇట్టే రెచ్చగొడతాయి. (రాతిపొడితో వచ్చే సిలికోసిస్ వేరే జబ్బు. దుమ్ము పీల్చకపోతే అది రానే రాదు.)

అందుకే "రక్తంలోనే ఉంది" అనడం నాకు నచ్చదు. ఆ మాట దుమ్మును నిర్దోషిగా వదిలేస్తుంది. రాయి కోసేచోట నీళ్ళు పట్టడం, లారీ మీద పట్టా కప్పడం మనుషుల చేతిలోవే. డాక్టరిచ్చిన పీల్చే మందును "అలవాటైపోతుంది" అనో, నలుగురూ చూస్తారనో దాచేయడం మరీ అన్యాయం. అది మత్తుమందు కాదు, ఉబ్బసం అంటురోగమూ కాదు. మీ తరగతిలో అలాంటి నేస్తం ఉంటే, గది ఊడ్చేముందు నేలమీద కాసిని నీళ్ళు చిలకరించండి. నల్లబల్ల తుడిచే వంతు మీరు తీసుకోండి.