గ్రామసభా? వేలిముద్రల పుస్తకమా?

"ఆదివాసీ స్త్రీలకు చైతన్యం తక్కువ, గ్రామసభలకు రారు." ఈ మాట అధికారుల నోట వినడం మనకు కొత్త కాదు. మన స్వచ్ఛంద సంస్థల నివేదికల్లోకి కూడా అదే మాట చేరి కూర్చోవడమే విచారకరం. రాజవొమ్మంగి నుంచి అరకు దాకా ఈ కొండల్లో పనిచేస్తున్న మనం దీన్ని ఒకసారి తిరగేసి చూడాలి. స్త్రీ సభకు రాలేదా? లేక సభ తేల్చవలసిన ప్రశ్నే స్త్రీ దాకా రాలేదా?

ఒక చట్టం కావాలో వద్దో రాష్ట్రమంతటా ఓటు వేసి తేల్చే పద్ధతి మన దేశంలో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ పోలింగుకు ముందే ప్రతిపాదన పాఠం, అనుకూల వాదన, వ్యతిరేక వాదన అచ్చువేసిన పుస్తకం ఓటర్ల ఇళ్లకు చేరుతుంది. హిందీతో సహా పలు భాషల్లో దొరుకుతుంది. అదేదో స్వర్గమని కాదు. 2020లో యాప్ డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించనక్కరలేదనే ప్రతిపాదనను గెలిపించుకోవడానికి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించాయి. ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి పేరుబడిన స్విట్జర్లాండులో స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అని 1959లోనూ, 1971లోనూ మగవాళ్లే ఓటేసి తేల్చారు! అయినా ప్రశ్న ముందుగా ఓటరు చేతికి అందాలన్న నియమాన్ని అక్కడ ఎవరూ దయాభిక్షగా చూడరు.

మనకు దానికి దగ్గరగా ఉన్నది షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభ ఒక్కటే. 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం భూసేకరణకు ముందు సంప్రదింపులు తప్పనిసరి చేసింది. చిన్నతరహా ఖనిజాల లీజులకు ముందస్తు సిఫారసు ఉండాలంది. సారా, మద్యం నిషేధించే అధికారం ఇచ్చింది. ఊరంటే పంచాయతీ కేంద్రం కాదు, ఒక సమూహం నివసించే పల్లె, గూడెం అని కూడా చెప్పింది. అయితే చాలాచోట్ల "గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ" అని రాసింది. ఆ "లేదా"లోంచే రాజ్యం దారి చేసుకుంది. 1998లో మన రాష్ట్రం తెచ్చిన సవరణ భూసేకరణ సంప్రదింపును మండల పరిషత్తుకు అప్పగించింది. నియమావళి రావడానికి 2011 దాకా పట్టింది. భూమి పోయేది గూడెంలో, అడిగేది మండల కేంద్రంలో! 2013 భూసేకరణ చట్టం ముందస్తు సమ్మతి అంది, కానీ అక్కడా గ్రామసభ పక్కనే ఆ "లేదా" ఉంది.

ఇక సభ జరిగే తీరు మీలో చాలామందికి తెలిసిందే. పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం అంటిస్తారు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో, అడ్డాకు కోసం అడవికి పోయే వేళలో సభ పెడతారు. నాలుగైదు మైళ్లు నడిచి వచ్చేసరికి సగం అయిపోయి ఉంటుంది. చదివే తీర్మానం ఆఫీసు తెలుగులో ఉంటుంది. "మళ్లింపు", "ప్రతిపాదిత విస్తీర్ణం" అంటే పోయేది తన కొండపోడేనని ఏ కొండరెడ్డి అవ్వకు అర్థమవుతుంది? అరకు వైపు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. పింఛను గురించో ఉపాధి పనుల గురించో అనుకుని వేలిముద్ర వేస్తారు. హాజరు కోసం వేసిన ఆ ముద్రే తర్వాత సమ్మతిగా మారుతుంది. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, హాజరైన వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. లెక్కకు సరిపోతుంది. తెలిసి చెప్పిన మాట ఎంత అని లెక్కించే గడి మాత్రం ఆ పుస్తకంలో లేదు.

మనం చేస్తున్నదేమిటి? జీపులు పెట్టి ఆడవాళ్లను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, ఫోటో తీసి, "స్త్రీల భాగస్వామ్యం" అని నివేదిక రాస్తున్నాం. కోరం నింపిపెట్టే పని మనకెందుకు?

1922 ఆగస్టు 24న అల్లూరి దళం రాజవొమ్మంగి పోలీస్‌స్టేషన్ మీద దాడి చేసిన సంగతి ప్రభుత్వాలూ గర్వంగా చెప్పుకుంటాయి. అడవి మీద ఎవరి మాట చెల్లాలన్నదే ఆ తిరుగుబాటులోనూ తగువు.

ప్రశ్న చేరితే ఏమవుతుందో పక్కనే ఒరిస్సాలో చూశాం. నియమగిరి బాక్సైట్ విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. వందకు పైగా ఉన్న పల్లెల్లో ప్రభుత్వం పన్నెండింటినే ఏరింది. అయినా ఊరూరా, ఆ ఊరి నేల మీదే, జిల్లా జడ్జి ఎదుట, వాళ్ల భాషలో సభలు జరిగాయి. స్త్రీలు లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆ డోంగ్రియా కోంధు స్త్రీలకు మన స్త్రీలకన్నా చైతన్యం ఎక్కువనా? లేదు, అక్కడ ప్రశ్న గుమ్మం దాకా వచ్చింది.

మనకూ ఉదాహరణ లేకపోలేదు. 1992లో దూబగుంట స్త్రీలకు ఎవరూ నోటీసివ్వలేదు. ప్రశ్న తాగి ఇంటికొచ్చే మగవాడి రూపంలో రోజూ చేరుతూనే ఉంది. వాళ్లిచ్చిన జవాబుకు తలొగ్గి 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో మద్యం నిషేధించారు. 1997లో ఆ మద్యనిషేధాన్ని సడలించినప్పుడు ఏ స్త్రీని అడిగారు? పెసా చట్టం కొండల్లో నిషేధించే అధికారాన్ని ఇచ్చిన కొద్ది నెలలకే ఇది జరిగింది. ఆ అధికారం తమకుందని ఎన్ని గూడేలకు చాటింపు వేశారు?

ఇలా అడిగితే ఏ ప్రాజెక్టూ కదలదంటారు. అడిగాక స్త్రీలు రోడ్డు కావాలి, కూలి కావాలి, సరే అంటే? అంటే అననివ్వండి. తెలిసి సరే అనడం కూడా వాళ్ల హక్కే. అడగకుండా రాసుకున్న "సరే"తోనే నా తగువు.

ఇప్పుడు ఈ కొండల మీదికి పెదకోట, ఎర్రవరం వంటి పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులు వస్తున్నాయి. 2022 అటవీ నియమాలు అటవీ హక్కుల బాధ్యతను కేంద్రం అనుమతించిన తర్వాత రాష్ట్రం చూసుకునే పనిగా మార్చేశాయి. అంతా అయ్యాక అడుగుతారన్నమాట. కాబట్టి రాబోయే సభలకు జీపులు కాదు, ప్రశ్నను మోద్దాం. ప్రతిపాదన కాగితం సభకు నెల ముందే గూడేనికి రావాలని పట్టుబడదాం. సంత రోజున, నీళ్ల దగ్గర, వాళ్ల మాటల్లో చదివి వినిపిద్దాం. ఏ సర్వే నంబరు పోతుందో కొండ మీద నిలబడి వేలితో చూపించమందాం. సభ గూడెంలోనే జరగాలి, హాజరు పట్టీ వేరు, తీర్మానం వేరు కావాలి. కావాలన్న స్త్రీలు ఎందరో, వద్దన్న వారు ఎందరో మినిట్స్‌లో ఎక్కాలి. ఆ అంకెలు రాయనిదే పుస్తకం మీద ఎవరినీ వేలు పెట్టనివ్వొద్దు.