పొరుగింటి పిల్లి, మన కొత్తిమీర మడి

ఇంగ్లండులో స్థిరపడిన మన తెలుగువారిలో, ఇంటి వెనుక నాలుగడుగుల నేల ఉన్న ప్రతి కుటుంబమూ వసంతకాలంలో చేసే పని ఒకటున్నది. మట్టిని గుల్లచేసి, గడ్డలు చిదిపి, కొత్తిమీర, మెంతి, తోటకూర విత్తనాలు చల్లుతారు. మరునాటి ఉదయానికి ఆ మడి మధ్యలో గోకి పూడ్చిన గుర్తు కనబడుతుంది. పొరుగింటి పిల్లి వచ్చి వెళ్ళిందన్నమాట.

పిల్లిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పెంపుడు పిల్లి పశ్చిమాసియాలోని అడవి పిల్లి సంతతి అని జన్యు పరిశోధనలు తేల్చాయి. పొడిగా, వదులుగా ఉన్న మట్టిని గోకి మలాన్ని పూడ్చడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. విత్తనాల కోసం మనం సిద్ధం చేసిన మడి దాని దృష్టిలో ఎవరో దయతో కట్టించి ఇచ్చిన మరుగుదొడ్డి!

పోనీ, పిల్లిని బయటకు వదలవద్దని పొరుగువారిని చట్టం పేరిట నిలదీయవచ్చునా? వీలుకాదు. కుక్క యజమానికి ఉన్న బాధ్యతలు ఇక్కడ పిల్లి యజమానికి లేవు. పిల్లి స్వేచ్ఛగా తిరిగే జంతువన్నది ఈ దేశపు ఆచారం. కాని దానిని హింసిస్తే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం నేరం. 2021లో ఆ శిక్షను 5 సంవత్సరాల జైలు వరకు పెంచారు. గోనెసంచిలో వేసి ఊరవతల వదలివచ్చే మన పాత పద్ధతి ఇక్కడ తలపెట్టనే కూడదు. పిల్లుల అపహరణను ప్రత్యేక నేరంగా పరిగణించే చట్టం 2024లో అమలులోకి వచ్చింది.

బట్టల మధ్య ఉంచే కలరా ఉండలను మడి చుట్టూ చల్లమని కొందరు పెద్దలు సలహా ఇస్తుంటారు. ఇది నేను గట్టిగా వ్యతిరేకించే సలహా. వాటిలోని నాఫ్తలీను పిల్లికి విషం. చక్కెర బిళ్ళ అనుకొని పసిపిల్లలు నోట పెట్టుకుంటే వారికీ విషమే. అది ఎర్ర రక్తకణాలను పగులగొడుతుంది. జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన పిల్లలకు మరీ ప్రమాదం. ఆ లోపం మన దేశీయులలో అరుదేమీ కాదు.

అసలు భయపడవలసినది మరొకటి ఉన్నది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చును. గర్భిణికి ఇది మొదటిసారి సోకితే గర్భస్రావం జరుగవచ్చు; శిశువు కళ్ళు, మెదడు దెబ్బతినవచ్చు. అందుకే కడుపుతో ఉన్న కోడలిని పిల్లి దరిదాపులకు పోనివ్వని అత్తగారి ఆందోళన అర్థం లేనిది కాదు. కాని ఆమె చూపు ఒక్క పిల్లి మీదనే ఉన్నది. మడి మీద కూడా ఉండాలి. సాధారణంగా పిల్లి తనకు మొదటిసారి ఈ జీవి సోకినప్పుడు, ఒకటి నుండి మూడు వారాలపాటు మాత్రమే దాని బీజాలను విసర్జిస్తుంది. అవి వెలువడిన వెంటనే అంటుకోవు. 1 నుండి 5 రోజులు గడిచిన తరువాతనే సోకే శక్తి పొందుతాయి. ఆపైన తేమగల మట్టిలో ఏడాదికి పైగా బతకగలవు. అనగా దారిన పోయే పిల్లిని తాకడం కంటె, సరిగా కడగకుండా పచ్చడిలో వేసిన కొత్తిమీర వల్లనే ముప్పు ఎక్కువ. గర్భిణులు చేతికి తొడుగులు లేకుండా మట్టిపని చేయరాదు. పచ్చిగా తినే ఆకును ఎవరైనా ధారగా పడే నీటిలో బాగా కడగాలి. సగం ఉడికిన మాంసం ద్వారా కూడా ఈ వ్యాధి వస్తుందని మాంసాహారులు గుర్తుంచుకోవాలి.

కనుక తరమడం కంటె మడిని మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. విత్తనం చల్లిన రోజే దానిపై కోళ్ళగూటికి వాడే తీగవల పరచండి. మొక్క వల సందుల్లోంచి పైకి వస్తుంది, పిల్లికి మాత్రం గోకడానికి చోటు దొరకదు. మొక్కలు దట్టంగా పెరిగిన తరువాత అది ఆ వైపు అంతగా రాదు. పొడిమట్టి దానికి ఇష్టం గనుక మడిని తడిగా ఉంచడమూ మంచిదే. పిల్లలు ఆడుకునే ఇసుకపెట్టెకు మూత తప్పనిసరి. అంగళ్ళలో అమ్మే అతిధ్వని యంత్రాలు రాకపోకలను కొంత తగ్గించవచ్చునే గాని పూర్తిగా ఆపలేవు.

మరొక మాట. ఒకవైపు తిడుతూనే, మరొకవైపు జాలిపడి గిన్నెలో పాలు పోసే ఇళ్ళున్నాయి. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని లాక్టోజు అరగదు, విరేచనాలవుతాయి. ఆ విరేచనాలు ఎవరి మడిలో పడతాయో చెప్పనక్కరలేదు! ఉల్లి, వెల్లుల్లి కలిసిన మన కూరలు దానికి ఏకంగా విషం.

ఇక మిగిలినది పొరుగువారితో మాట్లాడడం. మనవారు వెనుకాడేది ఇక్కడే. ఊరినుండి వచ్చిన మన పెద్దలు పిల్లి ఎదురైతే అపశకునమని అదిలిస్తారు. నల్లపిల్లి ఎదురుపడితే అదృష్టమని నమ్మే ఇక్కడివారికి ఆ కేకలలో క్రౌర్యమే కనబడుతుంది. కేకలు మాని, ఒక సాయంకాలం తలుపు తట్టి, ఇంట్లో గర్భిణి ఉన్నదనో, పసివాడు మట్టిలో ఆడుతున్నాడనో చెప్పండి. వారి తోటలోనే ఒక మూల మట్టిని గుల్లచేసి, ఇసుక కలిపి ఉంచమని అడగండి. తమ పిల్లి గోడ దాటి ఎక్కడికి పోతున్నదో చాలామంది యజమానులకు తెలియనే తెలియదు.