మాట లేని ధిక్కారము

పంక్ రాక్ అను సంగీతశాఖను గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది మొట్టమొదట దాని మాటలను గూర్చియే వ్రాసిరి. 1976, 1977 సంవత్సరములలో న్యూయార్కునందు రమోన్స్, లండనునందు సెక్స్ పిస్టల్స్, క్లాష్ మున్నగు బృందములు తలయెత్తి, గిటారు మీద రెండు మూడు మెట్లు పట్టుకొనుట తెలిసినవాడెవ్వడైనను వేదిక నెక్కవచ్చునని చాటినప్పుడు, పత్రికలవారి చెవికి సోకినవి ఆ కేకలు, ఆ దూషణలు, రాచరికమును నిరుద్యోగమును గూర్చి ఆ యువకులు పాడిన పాదములు మాత్రమే. కాలక్రమమున పంక్ అనగా కోపముతో నిండిన వాక్కు అనియు, ఆ వాక్కునకు వెనుక మ్రోగు వాద్యములు కేవలము ఆధారమాత్రములనియు ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. ఈ అభిప్రాయము సరికాదని నా దృఢవిశ్వాసము. అందుకు నేను చూపదలచిన సాక్ష్యము కెనడా దేశమున టొరంటో నగరమందు 1984లో ఏర్పడి, గాయకుడన్నవాడు లేకయే పంక్ సంప్రదాయమున నిలిచిన ముగ్గురు వాద్యకారుల బృందము. దాని పేరు షాడోయీ మెన్ ఆన్ ఎ షాడోయీ ప్లానెట్. గిటారు వాయించినది బ్రయన్ కానలీ, బాస్ గిటారు వాయించినది రీడ్ డైమండ్, డ్రమ్ములు వాయించినది డాన్ పైల్.

వీరు ఎక్కడనుండి వచ్చిరో తెలిసినగాని వీరి పంతము బోధపడదు. 1977 వేసవిలో టొరంటోలో డయోడ్స్ అను బృందమువారు తామే నిర్వహించిన క్రాష్ అండ్ బర్న్ అను క్లబ్బు ఆ నగరపు పంక్ జీవితమునకు కేంద్రమైనది; వైల్‌టోన్స్, హామిల్టన్ పట్టణమునుండి వచ్చిన టీనేజ్ హెడ్ మొదలగు బృందములు ఆ కాలమున వెలసినవే. 1978 డిసెంబరు 1వ తేదీన హార్స్‌షూ టావర్న్ అను పేరుగల మద్యశాలలో ఆ తరమువారిలో పెక్కుమంది కలసి చేసిన కచేరీతో ఒక ఘట్టము ముగిసినట్లే అయినది. ఆ రోజులలో ఇంకను నూనూగు మీసాల వయసున నున్న డాన్ పైల్ కెమెరా చేతబట్టుకొని ఈ కచేరీల చుట్టు తిరిగి తీసిన ఛాయాచిత్రములు 2011లో ట్రబుల్ ఇన్ ది కెమెరా క్లబ్ అను గ్రంథముగా వెలువడినవి. అనగా ఈ బృందపు డ్రమ్మువాద్యకారుడు పంక్‌ను దూరమునుండి విని అనుకరించినవాడు కాడు. వేదిక ముందు నిలిచి దానిని కన్నులార చూచినవాడు. తరువాత ఈ ముగ్గురును క్రాష్ కిల్స్ ఫైవ్ అను మఱియొక బృందమున నుండిరి. ఆ బృందమునకు గాయకుడు కలడు. అది చెదరిన పిదప ఈ మువ్వురు మరల కలసినప్పుడు క్రొత్త గాయకుని చేర్చుకొనక, గిటారునే గాత్రస్థానమున కూర్చుండబెట్టిరి.

ఇందుకు వారికి ఒక పూర్వసంప్రదాయము లభించినది. 1960 ప్రాంతమున అమెరికాలో మాటలు లేని రాక్ సంగీతము జనసామాన్యమునకు మిక్కిలి ప్రియమైనదిగా నుండెను. టకోమా పట్టణమునుండి వచ్చిన వెంచర్స్ బృందమువారి వాక్ డోంట్ రన్, ఇంగ్లండునందు షాడోస్ బృందమువారి అపాచీ, రెండును ఆ 1960వ సంవత్సరముననే వెలువడి లక్షలాది జనుల నాలుకలపై ఈలపాటలైనవి. కాలిఫోర్నియా సముద్రతీరమున డిక్ డేల్ అను గిటారువాద్యకారుడు, లెబనాన్ మూలములుగల తన కుటుంబము వలన చెవికెక్కిన తూర్పు మధ్యధరా ప్రాంతపు మిసిర్లూ అను పాత బాణీని తీసికొని, మీటును తీగపై క్రిందికి మీదికి అత్యంతవేగమున నడపుచు 1962లో రికార్డు చేసెను. ఆ కాలపు గిటారునకు నీటిలో మునిగి పలికినట్టి ప్రత్యేకనాదము నిచ్చినది స్ప్రింగ్ రివర్బ్ అను సాధనము: ఒక పెట్టెలో సన్నని లోహపు స్ప్రింగులను బిగించి, గిటారునుండి వచ్చు విద్యుత్సంకేతమును వాని గుండా పంపగా, ఆ స్ప్రింగులలో కంపనము అటునిటు కొట్టుకొని, మూలధ్వని వెనుక ఒక గుహాప్రతిధ్వనివలె తిరిగివచ్చును. సముద్రపుటలలపై పలకలమీద స్వారిచేయు యువకులు ఈ సంగీతమును తమదిగా చేసికొనుటచే దానికి సర్ఫ్ సంగీతమను పేరు వచ్చినది. 1964లో బీటిల్స్ అమెరికాలో కాలూనినంతనే ఈ వాద్యబృందములకు ఆదరణ క్షీణించి, పాడలేనివారికి రాక్ రంగమున చోటు లేకుండపోయినది. పంక్ తరమువారు ఆ మూలబడిన వస్తువును ఇరువదియేండ్ల తరువాత దుమ్ము దులిపి చేతికి తీసికొనిరి.

అట్లయిన షాడోయీ మెన్ వారు సర్ఫ్ బృందమేగదా, పంక్ అనుటకు హేతువేమి అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న వారిని జీవితమంతయు వెంటాడినది. విసుగు చెందియే కాబోలు, తమది సర్ఫ్ బృందము కాదని చెప్పు వాక్యమును, నడుమ ఒక బూతుమాటను చేర్చి, తమ కృతి యొకదానికి పేరుగానే పెట్టిరి. నా దృష్టిలో ఈ తగవును తీర్చునది వారు వాయించిన పద్ధతి. గాయకుడు లేని సంగీతమున ఒక ప్రలోభమున్నది: ఖాళీయైన గాత్రస్థానమును వాద్యకారుడు తన నైపుణ్యప్రదర్శనముతో నింపగోరును. 1970 దశకమున రాక్ సంగీతము ఈ ప్రలోభమునకు లోబడి, అరగంట సేపు సాగు స్వరవిన్యాసములలో మునిగి, సామాన్యుడు ఇది నావలన కాదని చేతులు ముడుచుకొని కూర్చుండు స్థితికి వచ్చినది. పంక్ తిరుగబడినది మొదట ఆ స్థితి మీదనే. రాణి మీదను, మంత్రుల మీదను తిరుగబడుట ఆ తరువాతి మాట. కాబట్టి పంక్ నిష్ఠకు అత్యంత కఠినమైన పరీక్ష గాయకుడున్నచోట జరుగదు. మాటల చాటు లేక, చేతిలో వాద్యము మాత్రమే యుండి, ఎంతసేపైనను వాయించుటకు అవకాశముండియు, బాణీని చెప్పవలసినంత చెప్పి ఆపివేయుటలోనే ఆ పరీక్ష కలదు. షాడోయీ మెన్ వారి కృతులు చాలవరకు రెండు మూడు నిమిషములకు మించవు. రెండవ గిటారు లేనందున, కానలీ బాణీని వాయించుచుండగా డైమండ్ తన బాస్ తీగలపై లయను మోయుటయే గాక, అప్పుడప్పుడు బాణీకి ఎదురుగా వేఱొక బాణీని పలికించును. పైల్ లయను బిగించియుంచును. ఒక్కడును తక్కినవారిని ప్రేక్షకులుగా మార్చడు.

మఱియొక మార్గము కూడ ఆ కాలముననే కానవచ్చినది. కాలిఫోర్నియాలోని బ్లాక్ ఫ్లాగ్ బృందమువారు, ఉగ్రకంఠుడైన గాయకుడుండియు, 1985లో ది ప్రాసెస్ ఆఫ్ వీడింగ్ ఔట్ అను పూర్తి వాద్యరికార్డును వెలువరించిరి. అందులో గ్రెగ్ జిన్ గిటారు శ్రుతిబంధములను తెంచుకొని, జాజ్ సంగీతపు స్వేచ్ఛాసంచారమువైపు పోయినది. అది గౌరవింపదగిన సాహసమే, గాని పంక్ విడిచిపెట్టిన దీర్ఘవిన్యాసమునకే అది మరల దారితీసినదని నాకు తోచును. టొరంటో వారి సంయమనమును నేను దానికంటె పై మెట్టున నిలుపుదును.

మాట లేనిదే ధిక్కారము లేదనువారికి నేను జ్ఞాపకము చేయదలచిన సంగతి యొకటి కలదు. 1958లో లింక్ రే అను అమెరికను గిటారువాద్యకారుడు రంబుల్ అను కృతిని వెలువరించెను. రికార్డు చేయునప్పుడు నాదము కర్కశముగా రావలెనని తన ధ్వనివర్ధకపు స్పీకరుకు పెన్సిలుతో రంధ్రములు పొడిచెనని ప్రసిద్ధి. ఆ కృతిలో ఒక్క మాట లేదు. అయినను వీథిరౌడీల కలహములను అది ప్రేరేపించునన్న భయముచే న్యూయార్కు, బోస్టను నగరముల రేడియోలు దానిని ప్రసారము చేయుటకు నిరాకరించినవి. ఒక పాటను నిషేధించువారు సాధారణముగా ఇదిగో ఈ పాదము అని వేలుపెట్టి చూపుదురు. ఇచ్చట చూపుటకు పాదమే లేదు. మెల్లగా, బరువుగా అడుగులు వేయుచు వచ్చు నాలుగు మెట్లు, వాని చివర చీలిన నాదము, ఇంతమాత్రమే పెద్దలను కలవరపెట్టినది. షాడోయీ మెన్ వారు ఇదే లింక్ రే కృతియైన రన్ చికెన్ రన్‌ను తమ రికార్డులో వాయించుట వారి వంశవృక్షమును వారే చెప్పుకొనుట వంటిది.

ఇక వారి ప్రసిద్ధి కథ విచిత్రమైనది, కొంత బాధాకరమైనది కూడ. టొరంటోలో క్వీన్ వీథి పడమటి భాగమున రివోలీ అను చోట హాస్యప్రదర్శనములిచ్చుచుండిన కిడ్స్ ఇన్ ది హాల్ అను ఐదుగురు యువకుల బృందమునకు వీరితో స్నేహము కలిగినది. ఆ హాస్యబృందము 1980 దశకాంతమున టెలివిజనుకు ఎక్కి 1995 వరకు కెనడాలోను అమెరికాలోను ప్రదర్శింపబడినప్పుడు, దానికి ప్రారంభగీతముగా నిలిచినది షాడోయీ మెన్ వారి హావింగ్ ఏన్ యావరేజ్ వీకెండ్ అను కృతి. తెరపై నగరవీథులు, నడచిపోవు సామాన్యజనులు. వెనుక గిటారు తీగపై ఎగిరి దుమికి పోవు ఆ బాణీ. ఒక తరపు కెనడియనులకు ఆ గిటారు వినబడినంతనే ఆ వీథులు కన్నుల ముందు నిలుచును. కాని ఆ బాణీని ఈలవేయగలవారిలో దానిని వాయించిన ముగ్గురి పేర్లు చెప్పగలవారు ఎందఱు? వాద్యకారుని కృతి లోకమునకెల్ల తెలిసి, వాద్యకారుడు తెరవెనుకనే మిగిలిపోవుట అన్యాయమని నేను గట్టిగా నమ్ముచున్నాను. పాడినవాని పేరును పాటతో పాటు ఇంటింటికి చేర్చు లోకము, వాయించినవానిని మాత్రము ఆ బాణీకి అద్దెకు వచ్చిన పనివానివలె చూచును.

ఈ విషయమున మన తెలుగు పత్రికలకును ఒక మాట చెప్పవలసియున్నది. మన సంగీతవిమర్శ పేరునకు సంగీతవిమర్శయే గాని, ఆచరణలో అది సాహిత్యవిమర్శ. చలనచిత్రగీతమును గూర్చి వ్రాయునప్పుడు కవిని మొదట, గాయకుని తరువాత, సంగీతదర్శకుని ఆ పిమ్మట తలచుకొందుము. ఆ పల్లవికి ప్రాణము పోసిన వేణువు వాయించినది ఎవ్వరో, వీణ మీటినది ఎవ్వరో ఆరాతీయు అలవాటే మనకు లేదు. ప్రక్కవాద్యముగా మాత్రమే ఎంచబడిన వయొలిన్‌ను కచేరీకి ప్రధానవాద్యముగా నిలబెట్టిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని, వీణపై ప్రకృతిధ్వనులను సైతము పలికించిన ఈమని శంకరశాస్త్రిగారిని కన్న భాషలో ఈ కొఱత యుండదగదు. ఈ మహావిద్వాంసులకును టొరంటో యువకులకును శాస్త్రములోను, సాధనలోను పోలిక లేదు. కాని నాదము మాటకు సేవకురాలని తలచు శ్రోత రెండుచోట్లను ఒక్కటే పోగొట్టుకొనుచున్నాడు.

షాడోయీ మెన్ వారు తమ మొదటి చిన్న రికార్డులను తామే అచ్చువేయించుకొని, వానినన్నిటిని చేర్చి 1988లో సావీ షో స్టాపర్స్ అను పెద్ద రికార్డుగా వెలువరించిరి. పాటలలో మాటలు లేకున్నను పేర్లలో వారి చమత్కారమంతయు కనబడును: ఒక కృతి పేరునకు మా ఆయుధములు నిష్ప్రయోజకములైనవి అని అర్థము. 1991లో డిమ్ ద లైట్స్, చిల్ ద హామ్ అను రికార్డు వచ్చినది; మరుసటి సంవత్సరము ఈ బృందము కెనడా సంగీతరంగపు జూనో పురస్కారమును వాద్యసంగీతశాఖలో గెలుచుకొన్నది. 1993లో వెలువడిన స్పోర్ట్ ఫిషిన్‌ను ధ్వనిబద్ధము చేసినది స్టీవ్ ఆల్బినీ; నిర్వాణా బృందపు ఇన్ యూటెరోను కూడ ఆయన ఆ సంవత్సరమే రికార్డు చేసెను. ఒక గదిలో వాద్యకారులు వాయించినది వాయించినట్లు పట్టుటయే తన పని అని నమ్మిన ఆల్బినీకి ఇంతకంటె తగిన బృందము దొరకుట అరుదు. 1996లో వీరు విడిపోయిరి. 2001లో రీడ్ డైమండ్ క్యాన్సరు వ్యాధికి బలియైనాడు.

మిగిలిన ఇద్దఱు చాలకాలము మరల ఆ పేరుతో వేదిక నెక్కలేదు. 2012లో ఎక్కినప్పుడు డైమండ్ స్థానమున బాస్ గిటారు పట్టినది సేడీస్ బృందమునకు చెందిన డాలస్ గుడ్. ఈయన పూర్వము ఫోనో కోమ్ అను బృందమున డైమండ్‌తోను పైల్‌తోను కలసి వాయించినవాడగుటచే, ఆ బాస్ నడకలోని పోకడ ఆయన వ్రేళ్ళకు పరాయిది కాదు. 2016లో పాత రికార్డులన్నియు మరల అచ్చైనవి. ఆ సంపుటమునకు పెట్టిన పేరులో, ఎట్టకేలకు మాది సర్ఫ్ బృందమే కాబోలు అని వారే ఒప్పుకొనిరి. నేను మాత్రము ఒప్పుకొనను. 2022 ఫిబ్రవరిలో డాలస్ గుడ్ కూడ నలువది యెనిమిదవ యేట మరణించెను; ఆ సంవత్సరమే కిడ్స్ ఇన్ ది హాల్ మరల తెరకెక్కగా, ప్రారంభమున ఆ పాత బాణీయే వినవచ్చినది. ఈ బృందమును వినదలచిన పాఠకులు ఆ ప్రసిద్ధబాణీతో ఆగక సావీ షో స్టాపర్స్‌ను మొదటినుండి చివర వరకు విని, పిదప ఆల్బినీ పట్టిన స్పోర్ట్ ఫిషిన్‌ను వినుట మేలు. మొదటిదానిలో బాణీల చురుకుదనము, రెండవదానిలో డైమండ్ బాస్ తీగల బరువు చక్కగా తెలియును.