బిగియకముందే చూపవలెను

“ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే యున్నది” అను సామెతను పని సాగనిచోట మన పెద్దలు వాడుదురు. పని సాగుచున్నదో లేదో తెలియవలెనన్న దానిని నడుమ ఒకమారైనను చూడవలెను గదా! కాని సగములో నున్న పనిని చూపుటకు ఎవరును ఇష్టపడరు. పాఠశాలలలో జరుగు వార్షిక ప్రదర్శనములను చూచిన ఈ సంగతి తేటపడును. బల్లలమీద నుండునవన్నియు ముగిసిన వస్తువులే. వానిని చేసిన చేతులు ఎక్కడ తడబడినవో, ఎక్కడ తిరిగి సవరించుకొన్నవో తెలుపు గుర్తు ఒక్కటియు కానరాదు. ఈ అలవాటు మంచిదా, కాదా? ఉన్నితో చేయు ఒక ప్రాచీనకళ ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

ఆ కళ ఫెల్టుపని. కాశ్మీరమునను, కచ్ఛ ప్రాంతమునను ఇట్లు చేసిన వస్త్రమును నమ్దా అందురు. తెలుగునాట కురుమలు చేయు గొంగళియు ఉన్నిదే. కాని అది నేతపని. ఉన్నిని నూలుగా వడకి, చింతగింజల గంజి పట్టించి, మగ్గముపై నేయుదురు. ఫెల్టునకు వడకుట లేదు, మగ్గము లేదు, పడుగుపేకలు లేవు. ఏకిన ఉన్నిని చాపమీద పలుచని పొరలుగా, ఒకటి నిలువునను, మరియొకటి అడ్డముగను పరచి, సబ్బు కలిపిన వేడినీరు చల్లి, చాపతో సహా చుట్టి, చేతులతో ఒత్తి, కాళ్లతో దొర్లింతురు. ఉన్నిపోగుపై చేపపొలుసులవంటి సూక్ష్మమైన పొలుసులుండును. తడికిని, వేడికిని, రాపిడికిని ఆ పోగులు కదలి ఒకదానితో నొకటి పెనవైచుకొని మరల విడిపోవు. పరచినపుడు మెత్తగా, విశాలముగా నున్నది పని ముగియునప్పటికి కుదించుకొని, మందమై, గట్టిపడును.

ఈ పనిలో దిద్దుబాటునకు ఒక వేళ కలదు. ఉన్ని పొడిగా పరచియున్నంతసేపు ఏ రంగునైనను తొలగింపవచ్చును. పలుచనైనచోట మరికొంత చేర్పవచ్చును. వంకరపోయిన తీగను తిన్నగా జరుపవచ్చును. నీరు పడి రాపిడి మొదలైన పిమ్మట సవరణ కష్టమగును. పూర్తిగా బిగిసిన తరువాత ఎరుపును తెలుపునుండి విడదీయుట ఎవరికిని సాధ్యము కాదు. కత్తెర పట్టుటయే గతి. కావున సలహా చెప్పగోరువారు ఉన్ని వదులుగా నున్నప్పుడే చెప్పవలెను. అడుగగోరువారును అప్పుడే అడుగవలెను. అంతయు ముగిసిన పిమ్మట చెప్పినమాట మెప్పు కావచ్చును, నింద కావచ్చును. ఆ వస్తువునకు సాయము మాత్రము కాజాలదు.

ఈ కళ నిన్నమొన్నటిది కాదు. సైబీరియాకు దక్షిణముననున్న ఆల్తాయి పర్వతములలో, పాజిరిక్ అనుచోట, మంచులో గడ్డకట్టిన సమాధులను సెర్గేయ్ రుదెంకో మొదలగు పురాతత్త్వజ్ఞులు 1929లోను, తిరిగి 1947–49 సంవత్సరములలోను త్రవ్విరి. వానిలో దొరికిన ఫెల్టు తెరలును, ఉన్నితో చేసిన హంసబొమ్మలును రెండువేల ఏండ్లకు పైబడినవి. అవి నేడు లెనిన్‌గ్రాడ్ అని ఒకప్పుడు పిలువబడిన సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున, హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో నున్నవి. ఇన్ని శతాబ్దములు గడచినను మధ్యాసియాలోని కిర్గిజ్ స్త్రీలు అదే మూలసూత్రముతో కంబళులు చేయుచున్నారు. ‘ఆలా కియిజ్’ అను కంబళిలో రంగురంగుల ఉన్నిని చాపపై పరచి, చిత్రమును నేలతోపాటు ఒక్కటిగా బిగింతురు. ‘షిర్దక్’ అనుదానిలో రెండు రంగుల ఫెల్టును ఒకదానిపై నొకటి యుంచి ఒకే చిత్రమును కత్తిరించి, ఒకదాని ముక్కను మరియొకదాని ఖాళీలో అమర్చి కుట్టుదురు. అందుచేత రెండు కంబళులు ఒకదానికొకటి నీడలవలె తయారగును. ముక్క ఒకటియు వ్యర్థము కాదు.

ఇట్టి పెద్దకంబళి ఒక్కరివలన నయ్యెడిది కాదు. పరచుటకును, చుట్టుటకును, దొర్లించుటకును పలువురు కూడవలెను. పలువురి కన్నులయెదుట సాగు పనిలో పొరపాటు దాగదు, నేర్పును దాగదు. పెద్దల చేతిపనిని సగములో చూచియే చిన్నవారు నేర్తురు. ముగిసిన కంబళి ఎంత అందమైనదైనను దాని నేర్పును చెప్పదు. ఈ రెండు విధముల కంబళుల కళను యునెస్కో 2012లో తక్షణరక్షణము కావలసిన సంప్రదాయముల జాబితాలో చేర్చినది. చౌకయైన కృత్రిమ తివాచీల పోటీయు, మంచి ఉన్ని దొరకకపోవుటయు ఒక కారణము. నేర్చుకొనుటకు పడుచువారు ముందునకు రాకపోవుట మరియొకటి. పని జరుగుచుండగా చూచు కన్నులు కరవైనచోట వస్తువులు మిగిలినను విద్య మిగులదు.

ఇటీవలి దశాబ్దములలో ఈ కళ మరియొక రూపము దాల్చినది. కార్మికశాలల కొరకు ఏర్పడిన గంట్లు గల సూదిని కళాకారులు చేతబట్టి, పొడి ఉన్నిని మాటిమాటికి పొడిచి, పక్షులను, జంతువులను, ప్రకృతిదృశ్యములను తీర్చుచున్నారు. ఇందు కొంత ఉన్ని చేర్చుట సులభము. గట్టిపడినదానిని తీయుట కష్టము. అందుచేత పలువురు తమ బొమ్మ సగములో నున్నప్పుడే దాని ఛాయాచిత్రము తీసి తోటివారికి చూపి, “మెడ పొడవైనదా? కన్ను క్రిందికి దిగినదా?” అని అడుగుచున్నారు. ఇది ప్రదర్శనకాంక్ష యనుకొనరాదు. గంటలకొలది ఒకేవస్తువును చూచిన కన్ను దాని వంకరకు అలవాటుపడిపోవును. కొత్తకన్నునకు ఆ వంకర క్షణములో కనబడును.

గొప్పకళాకారుల విషయమునను ఇంతే. పికాసో 1937లో ‘గెర్నికా’ చిత్రమును వ్రాయుచుండగా డోరా మార్ దాని దశలను వరుసగా ఛాయాచిత్రములు తీసెను. వానిని చూచిన విద్యార్థి, అంతటివాడును వ్రాసినదానిని మార్చెననియు, మార్చినదానిని మరల మార్చెననియు తెలిసికొనును. తన తప్పుగీతను చూచి సిగ్గుపడుట మానును.

ఇక మన తరగతిగదికి వత్తము. వ్యాసము వ్రాయు బాలుడు చిత్తుప్రతిని దాచి శుద్ధప్రతినే పంతులుగారికి సమర్పించును. పంతులుగారు దానిపై ఎర్రసిరా పెట్టుదురు. అది బిగిసిన ఫెల్టుపై కత్తెర పెట్టుటయే. బాలుడు మార్కులు చూచుకొని పుస్తకము మూయును. అతడు ఆలోచించిన క్రమములోని దోషము అట్లే యుండి తరువాతి వ్యాసములో తిరిగి తలయెత్తును. లెక్కలోనైనను, బొమ్మలోనైనను ఇదే తీరు. ఏండ్లతరబడి ఇట్లు సాగిన దోషము ఉన్నివలెనే గట్టిపడును. అప్పుడు బాలుడు మందమతి యని పేరుపెట్టి ఊరకుందుము.

సగము పని చూపుటలో ప్రమాదములు లేకపోలేదు. ఆరంభమునకే మెప్పు దొరకినచో పని ముగింపక విడుచువారు కలరు. చిత్తును చూచి పదుగురిలో నవ్విన బాలుడు మరి చూపడు. సగములో నున్న ఉన్నిలో చెదరిన పోగులుండుట సహజము. వానినే పట్టుకొని తప్పులెన్నుట కంబళిలో భోజనముచేయుచు వెండ్రుకలు ఏరినట్లుండును. చూచువారు ముందు చేయువాని ఉద్దేశమడిగి, దానికి అడ్డువచ్చు ఒకటి రెండు దోషములు మాత్రము చెప్పి, చేతులు కట్టుకొని నిలువవలెను. దిద్దుట చేసినవాని హక్కు.

ఉపాధ్యాయులు రాబోవు ప్రదర్శనములో ఒక బల్లను సగములోనున్న పనులకు కేటాయించి చూడవలెను. దానిపై మొదట ఉపాధ్యాయుడే తన చిత్తుకాగితమును, కొట్టివేతలతో సహా, పెట్టవలెను. గురువు తడబాటును చూచిన శిష్యుడు తన తడబాటును దాచడు. విద్యార్థులును ఒక్కమాట గుర్తుంచుకొనవలెను: సిగ్గుతో దాచిన పనికి చెలికాని సలహా అందదు. ఉన్ని ఇంకను వదులుగా నున్నది. నీరు పోయకముందే దానిని ఒక మంచి మిత్రునికి చూపుట మేలు.