కోడ్ గవాహీ ఇస్తుంది, అంతే

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న మూడో వారమే ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పీ0562, అంటే వోల్టేజ్ తక్కువ. "ఆల్టర్నేటర్ ఖరాబ్ భాయ్, మార్చాల్సిందే" అన్నాడు మెకానిక్. నాకు యకీన్ కుదరలేదు. వోల్టేజ్ పడిందని కోడ్ గవాహీ ఇస్తుంది, కుసూర్ దేనిదో చెప్పదు కదా!

ఇంజన్ ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి మీటర్ పెట్టించాను. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.3. మిగతాది ఎక్కడ గాయబ్? ఇంజన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూస్తే 1.8. అక్కడ 0.2 దాటకూడదు. ఎర్త్ వైరు బోల్టు కింద పచ్చగా చిలుము! రుద్ది బిగించి కోడ్ చెరిపితే మళ్లీ రాలేదు.

మెకానిక్‌ను బద్నాం చేయను, తొందరలో అందరూ అంతే. అమ్మినాయన మీదే నా షుబా. కొన్న రోజు స్కానర్‌లో కోడ్ లేదు గానీ, కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తి కాలేదని చూపించింది. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీసినా అలాగే వస్తుంది. ఆయన ఏం చేశాడో అడుగుదామంటే ఫోన్ ఎత్తడం లేదు.